టెక్స్ట్ ఫైలా, బైనరీ ఫైలా? తెలుగు ఫైళ్ల దగ్గరే నా చిన్న లైబ్రరీ తప్పుతోంది

హన్మకొండ_డెస్క్ · శనివారం రాత్రి 9:40

అందరికీ నమస్తే. పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలో ఒక చిన్న లైబ్రరీ (వేరే ప్రోగ్రాంలు వాడుకునే కోడ్) రాశాను, తొంభై లైన్ల లోపే, పేరు జల్లెడ. దాని పని ఒకటే. ఫైల్ ఇస్తే అది టెక్స్టా (ఉత్త అక్షరాలు), బైనరీనా (బొమ్మల్లాంటి వేరే డేటా) చెప్పాలి. ఎందుకు రాయాల్సి వచ్చిందో ముందు చెప్తాను, అప్పుడే నా ప్రశ్న అర్థమవుతుంది.

మా మేనమామకు చౌరస్తా దగ్గర డీటీపీ సెంటర్ ఉండేది. ఆయన పాతికేళ్ల పని మొత్తం రెండు హార్డ్‌డిస్క్‌లలో ఉంది. పెళ్లి కార్డులు, కరపత్రాలు, రశీదు పుస్తకాలు, కాలేజీ సావనీర్లు, ఊళ్ల నుంచి వచ్చిన రైతుల దరఖాస్తులు. సగం ఫైళ్లకు ఎక్స్‌టెన్షన్ లేదు, ఉన్నదాన్ని కూడా నమ్మలేం, ఎందుకంటే కస్టమర్ పేరే ఫైల్ పేరు, చుక్క తర్వాత పరకాల అనో నర్సంపేట అనో ఊరి పేరు పెట్టేవాళ్లు. మామ ఇప్పుడు దుకాణం తీసేశాడు, కానీ ఆ డిస్క్‌లలో మా చుట్టుపక్కల ఊళ్ల చరిత్ర ఉందని నా నమ్మకం, అందుకే అన్నీ వెతుక్కునేట్టు చేద్దామని మొదలుపెట్టాను.

జల్లెడ మొదటి వెర్షన్ ఇట్లా పనిచేసేది. మొదటి 512 బైట్లు చదువుతుంది, అందులో సున్నా విలువ ఉన్న బైట్ దొరికితే బైనరీ. లేకపోతే యూటీఎఫ్-8గా (అన్ని భాషల అక్షరాలున్న యూనికోడ్‌ను బైట్లుగా రాసే పద్ధతి) డీకోడ్ చేసి చూస్తుంది, అయితే టెక్స్ట్. కాకపోతే 127 దాటిన బైట్లు నూటికి ముప్పై కంటే ఎక్కువుంటే బైనరీ, తక్కువుంటే టెక్స్ట్. నెట్‌లో చాలా చోట్ల కనబడే పద్ధతే ఇది.

దీన్ని నమ్మి, టెక్స్ట్ అని తేలిన ఫైళ్లన్నిటికీ లైన్ చివరలు సరిచేసే స్క్రిప్ట్ నడిపాను, అంటే విండోస్‌లో ఎంటర్‌కు పడే 13, 10 జంట ఉన్నచోట ఉత్త 10 పెట్టేది. మర్నాడు చూస్తే పెళ్లి కార్డుల పీడీఎఫ్ ప్రూఫులు కొన్ని తెల్ల పేజీలుగా తెరుచుకుంటున్నాయి. ఇంకోపక్క అసలైన తెలుగు టెక్స్ట్ ఫైళ్లలో సగానికి పైగా బైనరీ లెక్కలో పడి పక్కకు పోయాయి. మరీ విచిత్రం ఏంటంటే, ఒక ఫైల్ మొదట్లో రెండు స్పేస్‌లు కొడితే టెక్స్ట్ అంటోంది, ఆ స్పేస్‌లు తీసేస్తే మళ్లీ బైనరీ అంటోంది. రెండు రోజుల నుంచి మస్తు పరేషాన్ అవుతున్నాను, జర చూసి చెప్పండి.

మానేరు_ఒడ్డు · శనివారం రాత్రి 10:05

అన్నా, స్పేస్ కిరికిరి నాకు అర్థమైంది. మాకు ఈ సెమిస్టర్‌లోనే యూనికోడ్ చెప్పారు కాబట్టి కాగితం మీద లెక్క వేసి చూశాను.

యూటీఎఫ్-8లో తెలుగు గుర్తు ప్రతిదీ మూడు బైట్లు. వ అంటే 224, 176, 181. పొల్లు అంటే 224, 177, 141. తెలుగు గుర్తు ఏదైనా మొదటి బైట్ 224, రెండోది 176 గానీ 177 గానీ. వరంగల్ అనే మాటలో వ, ర, సున్నా, గ, ల, పొల్లు కలిపి ఆరు గుర్తులు, అంటే 18 బైట్లు.

ఇప్పుడు 512ను 3తో భాగించండి, 170 పోను 2 మిగులుతుంది. అంటే స్పేస్ లేకుండా తెలుగు ఉంటే మీరు చదివే ముక్కలో చివరి గుర్తు నడిమధ్యన తెగిపోతుంది, రెండు బైట్లు ఇటు, ఒకటి అటు. డీకోడర్ అది చూసి చెల్లదు అంటుంది. అప్పుడు మీ కోడ్ ముప్పై శాతం లెక్కకు పోతుంది, తెలుగులో దాదాపు అన్ని బైట్లూ 127 పైనే కాబట్టి బైనరీ అని తేలుస్తుంది. ముందు ఎన్ని స్పేస్‌లు, ఎన్ని ఎంటర్‌లు వచ్చాయో దాన్ని బట్టి తెగే చోటు జరుగుతుంటుంది. కోత ఎక్కడ పడినా పడొచ్చు అనుకుంటే, ఇంచుమించు మూడింట రెండు సార్లు గుర్తు మధ్యలోనే పడుతుంది. మీకు సగానికి పైగా పోయాయి అన్నారు కదా, లెక్క సరిపోతోంది. 1024 తీసుకున్నా ఒకటి మిగులుతుంది, 8000 తీసుకున్నా రెండు మిగులుతాయి, కాబట్టి సంఖ్య పెంచితే పోయే బగ్ కాదిది.

హన్మకొండ_డెస్క్ · శనివారం రాత్రి 10:20

చెల్లె, నువ్వు చెప్పింది నూటికి నూరు పాళ్లు కరెక్ట్. ఇప్పుడే ఆ ఫైల్ చూశాను, 511, 512 స్థానాల్లో 224, 176 ఉన్నాయి, మూడో బైట్ అవతల ఉంది. ఇంగ్లిష్ ఫైళ్లతోనే టెస్ట్ చేశాను, అందుకే రాసినప్పుడు ఇది బయటపడలేదు. చివర్లో తెగిన బైట్లు వదిలేస్తే సరిపోతుందా?

మానేరు_ఒడ్డు · శనివారం రాత్రి 10:31

గుడ్డిగా వదిలేయొద్దు అన్నా. పైథాన్‌లో ఇంక్రిమెంటల్ డీకోడర్ ఉంది, ముక్క ఇచ్చి ఇంకా వస్తుంది అని చెప్తే చివర్లో సగం ఉన్న గుర్తును పట్టుకుని ఆగుతుంది, ఎర్రర్ ఇవ్వదు. కానీ ఫైల్ నిజంగా అక్కడితోనే అయిపోతే అది తప్పే, అప్పుడు ఎర్రర్ రావాలి. అందుకని 512 చదవాలనుకుంటే 513 అడగండి. 513వది వచ్చిందంటే ఫైల్ ఇంకా ఉన్నట్టు, రాకపోతే అదే ఆఖరు.

కాజీపేట_ప్యాసింజర్ · శనివారం రాత్రి 11:12

తెలుగు సంగతి తేలింది కాబట్టి పీడీఎఫ్‌ల సంగతి నేను చెప్తా. నాకు అసలు భయం వేసింది అక్కడే.

పీడీఎఫ్ మొదట్లో మామూలు ఆస్కీ (ఇంగ్లిష్) అక్షరాలు ఉంటాయి, శాతం గుర్తు పెట్టి పీడీఎఫ్ అని, వెర్షన్ నంబర్. బైనరీ డేటా ఉన్న పీడీఎఫ్‌కు రెండో లైన్‌లో 128 గానీ అంతకంటే పెద్దవి గానీ కనీసం నాలుగు బైట్లతో ఒక కామెంట్ పెట్టమని స్పెసిఫికేషన్ చెప్తుంది. దేనికంటే, ఫైళ్లు పంపే ప్రోగ్రాంలు మొదటి బైట్లు చూసి ఇది టెక్స్ట్ కాదు అని గుర్తుపట్టాలని. అంటే నీలాంటి లైబ్రరీల కోసమే వాళ్లు ఆ లైన్ పెట్టారు, నీ ముప్పై శాతం రూల్ దాన్ని కొట్టిపారేసింది. 512లో ఆ నాలుగు ఎంత? ఒక శాతం కూడా లేదు. సున్నా బైట్ మొదటి ముక్కలో రాలేదు, యూటీఎఫ్-8గా చెల్లలేదు, చివరికి టెక్స్ట్ అయి కూర్చుంది.

తెలుగును బైనరీ అన్నదీ ఆ శాతం రూలే, పీడీఎఫ్‌ను టెక్స్ట్ అన్నదీ అదే. ముందు ఆ రూల్ పీకేయ్ తమ్మీ. పెర్ల్ ప్రోగ్రామింగ్ భాషలో కూడా ఇలాంటి పరీక్ష ఉంది, తేడా బైట్లు మూడో వంతు దాటితే బైనరీ అంటుంది, కానీ అది కూడా చెల్లే యూటీఎఫ్-8 అయితే ముందే టెక్స్ట్ అని తేల్చేసి పక్కకు జరుగుతుంది.

ఇంకో ముఖ్యమైన మాట. కోడ్‌లో మార్పులు దాచిపెట్టే గిట్ ఏం చేస్తుందో చూడు. తేడాలు చూపించేటప్పుడు మొదటి 8000 బైట్లలో సున్నా బైట్ ఉందా అని మాత్రమే చూస్తుంది, ఉంటే బైనరీ, లేకపోతే టెక్స్ట్, అంతే. అక్కడ తప్పు జరిగితే స్క్రీన్ మీద పిచ్చి అక్షరాలు వస్తాయి, నష్టం లేదు. కానీ లైన్ చివరలు మార్చే చోట గిట్ ఆ రూల్ వాడదు. ఫైల్ మొత్తం చదువుతుంది. 10 వెంట లేకుండా ఒంటరిగా 13 కనబడినా, సున్నా కనబడినా ముట్టుకోదు. కంట్రోల్ క్యారెక్టర్లు (అక్షరం కాకుండా ఆదేశం ఇచ్చే బైట్లు) 128 మామూలు బైట్లకు ఒకటి చొప్పున మించి ఉన్నా ముట్టుకోదు. 127 పైన ఉన్నవాటిని మామూలు బైట్లుగానే లెక్కేస్తుంది కాబట్టి తెలుగుకు ఇబ్బంది లేదు. చూడ్డానికి ఒక రూల్, రాయడానికి వేరే రూల్. నువ్వు రెండిటికీ ఒకే జవాబు వాడావు, పైగా 512 బైట్లు చూసి రెండు ఎంబీల ఫైల్‌లోకి చెయ్యి పెట్టావు.

గోదావరిఖని_నైట్‌షిఫ్ట్ · ఆదివారం తెల్లవారు 2:50

నైట్ డ్యూటీలో ఉన్నా, ఇప్పుడే మొత్తం చదివాను. యూనిక్స్‌లో ఫైల్ అనే కమాండ్ 1973 నుంచి ఉంది. ఇప్పుడు లైనక్స్‌లో వాడేది ఇయాన్ డార్విన్ 1980ల్లో కొత్తగా రాసిన దాని నుంచి వచ్చింది, వేల రకాల ఫైళ్ల గుర్తులు దానికి తెలుసు. అది ఉండగా కొత్తగా రాయడం దేనికి? నువ్వు కనిపెట్టే ప్రతి సమస్యా దానికి ఎప్పుడో ఎదురై ఉంటుంది.

హన్మకొండ_డెస్క్ · ఆదివారం ఉదయం 8:15

అన్నా, దుకాణం కంప్యూటర్ పాత విండోస్, దాంట్లో ఆ కమాండ్ లేదు, డిస్క్‌లు బయటికి ఇవ్వడానికి మామ ఒప్పుకోడు. ఒక ఫోల్డర్ కాపీ చేసుకుని మా ఇంట్లో లైనక్స్ మీద నడిపి చూశాను. పాత తెలుగు ఫైళ్లకు కొన్నిటికి డేటా అని, కొన్నిటికి ఐఎస్ఓ-8859 (తెలుగు లేని పాత కోడ్) టెక్స్ట్ అని చెప్పింది. అది తప్పని అనను, కానీ నాకు కావాల్సింది వేరే. ఈ ఫైల్‌లోకి రాయొచ్చా, రాయొద్దా అన్న ఒక్క జవాబు కావాలి.

రామప్ప_రాయి · ఆదివారం ఉదయం 10:02

తమ్మీ, నేను 1994 నుంచి డీటీపీలోనే ఉన్నా, మీ మామ వాడిన సరుకు నాకు తెలుసు. ఆ డిస్క్‌లలో తెలుగు ఒక్క రకంగా ఉండదు.

ఒకటి అను ఫాంట్లతో, పేజీలు పేర్చే పేజ్‌మేకర్‌లో కొట్టినవి. పేజ్‌మేకర్ ఫైల్ అయితే అది బైనరీయే, గొడవ లేదు. కానీ మేం ఆ మ్యాటర్‌ను నోట్‌ప్యాడ్‌లోకి కాపీ చేసి కూడా దాచుకునేవాళ్లం, ఫాంట్ పోతే పిచ్చి రోమన్ అక్షరాలు కనబడతాయి, ఫాంట్ పెడితే తెలుగు. తలకట్టు ఒక బైట్, ఒత్తు ఒక బైట్, కొన్ని గుణింతాలకు రెండు మూడు ముక్కలు. అందులో సున్నా బైట్ ఉండదు, యూటీఎఫ్-8గా చెల్లదు, 127 పైన బైట్లు మస్తుగ ఉంటాయి. మీ రూల్ దాన్ని బైనరీ అంటుంది. మాకు మాత్రం అది ముమ్మాటికీ టెక్స్ట్, రాత్రిళ్లు కూర్చుని కొట్టిన మ్యాటర్.

రెండోది ఇస్కీ, మన దేశం లిపులకు పెట్టిన పాత కోడ్. ప్రభుత్వ సంస్థ సీ-డాక్ వాళ్ల జిస్ట్ కార్డు డాస్ మీద నడిచే రోజుల్లో ఇస్కీలో ఉండేవి. 1991లో దానికి బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ప్రమాణం కూడా వచ్చింది. ఒక్కో గుర్తుకు ఒక్కటే బైట్, అన్నీ 161 నుంచి పైన. క అంటే 179, తెలుగులోనైనా హిందీలోనైనా కన్నడలోనైనా అదే 179.

నీ లైబ్రరీకి రెండు జవాబులే ఉంటే వీటిని ఎటు వేసినా అన్యాయమే. మూడో జవాబు పెట్టు, తెలియదు అని. తెలియదు అని వచ్చినవాటిని మనిషి చూడాలి. స్క్రిప్ట్ వాటి జోలికి పోవద్దు.

ములుగురోడ్ · ఆదివారం ఉదయం 11:30

రామప్ప సార్ చెప్పినవాటికి తోడు మూడోది కూడా ఉంటుంది, యూటీఎఫ్-16, అంటే యూనికోడ్‌నే బైట్ల జతలుగా రాసే పద్ధతి. నేను ఏనుమాముల మార్కెట్ దగ్గర ఒక అడ్తి దుకాణానికి లెక్కలు చూస్తాను. ఎక్సెల్‌లో యూనికోడ్ టెక్స్ట్ అని సేవ్ చేస్తే వచ్చేది అదే. పాత నోట్‌ప్యాడ్‌లో యూనికోడ్ అని ఉన్న ఆప్షన్ కూడా అదే, 2019లో వచ్చిన విండోస్ 10 అప్‌డేట్ నుంచే నోట్‌ప్యాడ్ మామూలుగా యూటీఎఫ్-8లో సేవ్ చేయడం మొదలైంది. కాబట్టి మీ మామ తెలుగు యూనికోడ్‌లోకి మారిన కొత్తలో కొట్టినవి చాలావరకు యూటీఎఫ్-16 అయి ఉంటాయి.

అందులో వ అంటే 53, 12. తెలుగు బ్లాక్ మొత్తానికి పెద్ద బైట్ 12, అంటే ప్రింటర్లకు కొత్త పేజీకి పొమ్మని చెప్పే కంట్రోల్ క్యారెక్టర్. తెలుగు అక్షరాల దగ్గర సున్నా రాదు, కానీ స్పేస్ వచ్చిన ప్రతిచోటా 32, 0 అని వస్తుంది. దాంతో మీరు మొదటి స్పేస్ దగ్గరే బైనరీ అనేస్తారు. మొదట్లో 255, 254 ఉంటే సులువు, యూటీఎఫ్-16 అని ముందే తెలుస్తుంది. అవి లేకపోతే బైట్లను జతలుగా చూడండి, రెండో బైట్ దాదాపు అన్ని జతల్లో 12 గానీ 0 గానీ అయితే తెలుగే. దాదాపు అని ఎందుకన్నానంటే సాఫ్ట్‌వేర్ లాంటి మాటల్లో పొల్లు తర్వాత కనబడని ఒక గుర్తు వేస్తాం, దానికి 12, 32 అని తిరగబడి వస్తుంది. నూటికి నూరు అడిగితే మంచి ఫైల్ పోతుంది.

హన్మకొండ_డెస్క్ · ఆదివారం మధ్యాహ్నం 3:40

ఇప్పుడు మొత్తం తిరగరాశాను. ముందు మొదటి బైట్లతోనే తెలిసిపోయేవి చూస్తున్నాను, పీడీఎఫ్, పీఎన్‌జీ, జేపెగ్, జిప్ లాంటివి. వర్డ్ డాక్ఎక్స్ కూడా లోపల జిప్పే కాబట్టి 80, 75, 3, 4 చూస్తే దొరికిపోతుంది. ఆ తర్వాత యూటీఎఫ్-16 గుర్తులు, ఆ తర్వాత సున్నా బైట్, ఆ తర్వాత తెగిన చివరను ఓర్చుకునే యూటీఎఫ్-8 పరీక్ష. ఏదీ కాకపోతే తెలియదు. శాతం రూల్ పూర్తిగా తీసేశాను. రాయొచ్చా అనే ఫంక్షన్ వేరుగా పెట్టాను, అది ఫైల్ మొత్తం చదువుతుంది, చివరిదాకా చెల్లే యూటీఎఫ్-8 అయితేనే, ఒంటరి 13 గానీ సున్నా గానీ లేకపోతేనే సరే అంటుంది. ఖాళీ ఫైల్‌ను టెక్స్ట్ అన్నాను, పెర్ల్ మాత్రం ఖాళీ ఫైల్ టెక్స్టూ అవును బైనరీ కూడా అవును అంటుంది, నాకు అంత అవసరం లేదు.

ఒక్కటే బాధ. పాడైన పీడీఎఫ్‌లలో కొన్నిటికి బ్యాకప్ లేదు. 10 ఉన్న ప్రతిచోటా మళ్లీ 13 పెట్టి చూశాను, ఇంకా పాడయ్యాయి.

కాజీపేట_ప్యాసింజర్ · ఆదివారం సాయంత్రం 4:15

అట్ల రాదు తమ్మీ. ముందే ఉత్త 10గా ఉన్నవి కూడా ఉంటాయి కదా, ఏది జంటో ఏది ఒంటరో ఇప్పుడు ఫైల్ చూసి చెప్పలేం. కంప్రెస్ అయిన డేటాలో 13, 10 జంట సగటున 65,536 బైట్లకు ఒకసారి పడుతుంది. రెండు ఎంబీల ఫైల్‌లో ఇంచుమించు 32 బైట్లు పోయినట్టు. దానికి తోడు పాత పీడీఎఫ్‌లలో ఏ వస్తువు ఎన్నో బైట్ దగ్గరుందో చెప్పే పట్టిక ఉంటుంది, ఒక్కో వరుస కచ్చితంగా 20 బైట్లు ఉండాలి, చివరి రెండూ 13, 10 అయి ఉంటే ఇప్పుడు 19 అయ్యాయి. అది మాత్రం చాలా రీడర్లు మళ్లీ కట్టుకుంటాయి. లోపలి డేటాయే సమస్య.

గోదావరిఖని_నైట్‌షిఫ్ట్ · ఆదివారం రాత్రి 9:05

ఆశ వదులుకోవద్దు. తెల్లవారుజామున కొత్తగా రాయడం దేనికని అన్నాను, పాత తెలుగు సంగతి చదివాక నీ అవసరం అర్థమైంది. పీడీఎఫ్‌లకు ఒక దారి ఉంది.

పీడీఎఫ్ లోపల ఒక్కో స్ట్రీమ్ (డేటా ముక్క) ముందు దాని పొడవు ఎన్ని బైట్లో రాసి ఉంటుంది. అది మామూలు అక్షరాల్లో ఉంటుంది కాబట్టి చెడిపోలేదు. ఇప్పుడున్న పొడవును దాంట్లోంచి తీసేస్తే ఎన్ని బైట్లు పోయాయో కచ్చితంగా తెలుస్తుంది. ఇక ఫ్లేట్ కంప్రెషన్ స్ట్రీమ్ చివర నాలుగు బైట్ల చెక్‌సమ్ (డేటా సరిగ్గా ఉందో లేదో చూసుకునే లెక్క) ఉంటుంది, అడ్లర్-32 అంటారు. 64 కేబీల స్ట్రీమ్‌లో 10 విలువ సుమారు 256 చోట్ల ఉంటుంది. ఒక్క బైట్ పోయి ఉంటే ఒక్కో 10 ముందు 13 పెట్టి విప్పి చూడు, 256 ప్రయత్నాలు, చెక్‌సమ్ కలిసిందే సరైనది. రెండు పోతే ముప్పై రెండు వేల పైచిలుకు ప్రయత్నాలు, కంప్యూటర్‌కు అది పెద్ద పని కాదు. మూడు నాలుగు దాటితే మాత్రం కష్టం. జేపెగ్ ఫొటోలకు లోపల అలాంటి చెక్‌సమ్ లేదు, వాటికి ఈ దారి పనికిరాదు. పెళ్లి కార్డులో మ్యాటర్ చిన్న స్ట్రీమ్‌లలోనే ఉంటుంది, కాబట్టి మాటలు బతుకుతాయి.

హన్మకొండ_డెస్క్ · మంగళవారం రాత్రి 10:50

అన్నా, చెయ్యెత్తి దండం పెడుతున్నా. పొడవులో ఒక్క బైట్ తేడా ఉన్న స్ట్రీమ్‌లన్నీ విప్పుకున్నాయి. ఫొటోలు పోయాయి, మ్యాటర్ వచ్చింది. మామకు చూపిస్తే ఒక్కో కార్డు చదువుతూ అది ఎవరి పెళ్లో చెప్తూ కూర్చున్నాడు.

జల్లెడ డిస్క్ మొత్తం మీద నడిచింది. తెలియదు అని వచ్చినవాటిలో ఎక్కువ అను ఫాంట్ల మ్యాటరే. ఒక్క ఫైల్ మాత్రం ఏ ఫాంట్ పెట్టినా తెలుగు కావట్లేదు. 239తో మొదలైంది కాబట్టి యూటీఎఫ్-8 గుర్తు అనుకున్నాను, దానికైతే 239, 187, 191 రావాలి కదా, ఇక్కడ వేరేగా ఉంది. మొదటి ఎనిమిది బైట్లు ఇవి: 239, 69, 213, 221, 203, 209, 225, 180.

రామప్ప_రాయి · బుధవారం ఉదయం 7:20

తమ్మీ, అది ఇస్కీ. 239 అంటే ఇక్కడి నుంచి లిపి మారుతోంది అని, వెంట వచ్చిన 69 తెలుగు లిపికి గుర్తు. ఆ తర్వాత 213 శ, 221 ఉకారం, 203 భ, 209 ల, 225 ఏత్వం, 180 ఖ.

శుభలేఖ. మిగతా బైట్లు కూడా పెట్టు, ఎవరిదో చూద్దాం.